సచ్చినోళ్ల లెక్క రాసిన సుందరయ్య

మన వేంసూరు నుంచి కొత్తగూడెం దాటితే పాల్వంచ అడవి. 1948ల మిలిట్రీ వచ్చినంక తెలంగాణ సాయుధ దళాలు ఇసొంటి అడవులల్లనే తలదాచుకున్నయి. 1951ల పోరు ఆగింది. సచ్చినోళ్ల లెక్క ఎవరు రాయాలె?

పుచ్చలపల్లి సుందరయ్య రాసిండు. 1913ల నెల్లూరు జిల్లా అలగానిపాడుల పుట్టిన మనిషి. పేరులకెల్లి రెడ్డి తీసేసిండు, పిల్లలు వద్దనుకున్నడు, పార్లమెంటుకు సైకిల్ మీద పోయిండు. అయ్యన్నీ మీకెరుకే. నాకు వాటికన్న పెద్దగ అనిపించేది 1972 నాటి ఆయన పోరాట చరిత్ర. కాలబెట్టిన కోయగూడేలు, జైళ్లు, అమరుల పేర్లు అండ్ల ఉన్నయి. పోరు నడిపిన లీడర్లల్ల ఆయనొకడు. పోయినోళ్లు ఆ పిలుపుకు కదిలినోళ్లే. ఆయన లెక్కల సచ్చినోళ్లు 4,000 మంది దాకా. గుండుగుత్త అంకె అది. 1985ల ఆయన పోయిండు. ఎక్కని పేర్లు మన ముసలోళ్ల కాడ ఉంటయి, అడిగి రాసుకోన్రి.