ఇంజన్ విప్పి చదువుకున్న నాయుడు

మా పెద్దపల్లిలో గ్రైండర్ కొనాలన్నా, బావికి మోటారు కొనాలన్నా షాపాయన నోట తరచూ వినిపించే పేరు కోయంబత్తూరు. పిండి రుబ్బుకుంటాం, నీళ్లు తోడుకుంటాం. కానీ ఎక్కడో తమిళనాడులో ఉన్న ఆ ఊరికీ, మోటార్లకూ ముడి ఎలా పడిందో ఎప్పుడైనా ఆలోచించామా? ఆ ముడి వేసినవాళ్లలో ఒకరు తెలుగింటి బిడ్డే. ఆయనే జి.డి.నాయుడు. పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు.

1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారాయన. చిన్నతనంలోనే తల్లి పోయింది. బడి అంటే అస్సలు గిట్టేది కాదు. చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. ఇంక ఈ పిల్లాడు ఏం బాగుపడతాడులే అని ఏ తల్లిదండ్రులైనా ఆశ వదులుకునే పరిస్థితి!

అంతా మార్చేసింది ఒక మోటారు సైకిల్. ఒక ఇంగ్లీషు అధికారి నడుపుకుంటూ వచ్చిన రడ్జ్ బండి ఆయన కంట పడింది. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతటదే పోతోంది. దాని కోసమే కోయంబత్తూరు వెళ్లి హోటల్లో పనికి కుదిరారు. పైసా పైసా కూడబెట్టి ఆ బండిని కొన్నారు. కొన్నవాళ్లు ఎవరైనా ఏం చేస్తారు? దర్జాగా ఊరంతా తిరుగుతారు. ఈయన మాత్రం దాన్ని నట్టు నట్టుగా విప్పేశారు. మళ్లీ ఒక్కొక్కటే బిగించారు. అదే ఆయన కాలేజీ!

లోపల ఏముంటుంది?

అందులో ఉన్నది ఒకే సిలిండర్ ఇంజన్. నీళ్లతో పనిలేదు, గాలికే చల్లబడుతుంది. మన పాత చేతక్, లూనా బళ్ల ఇంజన్లూ ఆ జాతివే. ఇంజన్ చుట్టూ పలకల్లాంటి రెక్కలుంటాయి చూడండి, అవి వేడిని గాలిలోకి వదలడానికే. పక్కనే ఉండే చిన్న డబ్బాలాంటిది కార్బురేటర్. ఇంజన్‌కు వంట చేసిపెట్టేది అదే అనుకోండి.

అన్నానికి ఎసరు కొలత ఎలాగో, ఇంజన్‌కు గాలి, పెట్రోలు కొలత అలాగ. గ్రాము పెట్రోలుకు దాదాపు 15 గ్రాముల గాలి కావాలి. కార్బురేటర్‌లో గాలి ఇరుకైన గొంతులోంచి వేగంగా పోతుంటే, జెట్ అనే సన్నటి రంధ్రంలోంచి పెట్రోలు పైకి లాక్కొస్తుంది. కింద గిన్నెలో పెట్రోలు మట్టం చూసుకునేది ఫ్లోట్... మన డాబా మీద ట్యాంకులో తేలే బంతి లాంటిదే. పెట్రోలు ఎక్కువైతే నల్లటి పొగ, ప్లగ్గుకు మసి. తక్కువైతే ఇంజన్ కాగిపోతుంది. నీళ్లు లేని ఇంజన్‌కు ఆ కాక మరీ ప్రమాదం.

అందుకే పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్లను ముద్దుగా ఉంచుకునేవాళ్లు కొందరు, ఒక కార్బురేటర్ తీసి రెండు పెట్టుకున్నా, జెట్ల కొలత కుదిరేదాకా ఓపిగ్గా సరిచూసుకుంటారు. పెద్దది పెడితే చాలు, బలం వచ్చేస్తుందనుకుంటే పొరపాటే. కొలత తెలియాలంటే లోపల ఏముందో తెలియాలి. అది తెలియాలంటే విప్పాలి. నాయుడి జీవితమంతా ఈ ఒక్క సూత్రం మీదే నడిచింది.

బస్సు నుంచి కారు దాకా

1920లో ఒక బస్సు సంపాదించి పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. ఆ ఒక్క బస్సే పెరిగి పెరిగి యు.ఎం.ఎస్. అనే పెద్ద బస్సుల సంస్థ అయింది. 1937లో డి.బాలసుందరం నాయుడితో కలిసి దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారీకి చెయ్యి వేశారు. మన గ్రైండర్ కథకు మొదలు అక్కడుంది! పళ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, గడ్డం గీసే ఎలక్ట్రిక్ రేజరు... ఒకటా, రెండా! అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసిస్తానని 1941లో ప్రకటించారు.

1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగ్ చదువు మొదలవడం వెనకా ఆయనే ఉన్నారు. నాలుగేళ్ల చదువు అనవసరం, చేత్తో చేయిస్తే రెండేళ్లు చాలని ఆయన వాదన. సర్కారు ఒప్పుకోలేదు. ఆయన ఆ బాధ్యత వదిలేసి బయటికి వచ్చేశారు. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు తయారుచేశారు. ధర 2,000 రూపాయలు! దానికీ లైసెన్సు రాలేదు. మధ్యతరగతి ఇంటి ముందు ఆనాడే నిలబడాల్సిన కారు అలా ఆగిపోయింది. 1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు.

ఆడవాళ్లకెందుకు అంటారా?

మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకుంటానంటే చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. చేతులకు గ్రీజు అంటితే పెళ్లెలా అవుతుందని వాళ్ల బెంగ. నేను వాళ్లకు నాయుడి కథ చెప్పి, వెంటనే ఇంకో కథ చెప్పాను. ఇంగ్లండులో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు ఉండేది. పద్నాలుగేళ్లకే సొంతంగా మోటారు సైకిల్ కొనుక్కున్న పిల్ల. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల స్పిట్‌ఫైర్ విమానాలు ముక్కు దించి దూకగానే కార్బురేటర్‌లో పెట్రోలు అదుపు తప్పి ఇంజన్ ఉక్కిరిబిక్కిరయ్యేది. 1941లో ఆమె చేసిపెట్టింది ఏమిటో తెలుసా? మధ్యలో రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి బిళ్ల! పెట్రోలు కొలత మించకుండా అది ఆపింది. ఎంతోమంది పైలట్ల ప్రాణాలు నిలిచాయి.

నాయుడికి డిగ్రీ లేదు, షిల్లింగ్‌కు ఉంది. ఆయన మగాడు, ఆమె ఆడది. ఇద్దరికీ కలిసింది ఒక్కటే... మూత విప్పి చూసే ధైర్యం. 2020 తర్వాత వచ్చిన కొత్త బళ్లలో చాలావాటికి కార్బురేటర్ లేదు, దాని చోట ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అయినా కొలత కొలతే. మీ ఇంట్లో మూలపడ్డ పాత లూనా ఉంటే పాత సామాన్లవాడికి అప్పుడే వేసేయకండి. ఒక స్క్రూడ్రైవర్, రెండు పానాలు, విప్పిన నట్లు వరుసగా పెట్టుకోవడానికి ఒక పాత పళ్లెం మీ అమ్మాయికి ఇవ్వండి చాలు!