విశ్వవిద్యాలయ నిర్మాత సర్ ఆశుతోష్ ముఖర్జీ

ఉగాది సంచికలో ఒక వంగీయుని జీవితం గురించి వ్రాయడమేమని మన సభ్యులలో కొందరికి అనిపించవచ్చు. మనం స్థిరపడిన ఈ ఒడిషాలోని కటకం రావెన్‌షా కళాశాల 1917 వరకు కలకత్తా విశ్వవిద్యాలయానికి అనుబంధంగానే ఉండేది. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1921లో మైసూరు విడిచి తత్త్వశాస్త్రాచార్యులుగా వెళ్ళిందీ అక్కడికే. అందుచేత ఆశుతోష్ ముఖర్జీ గారిని పరాయివారిగా మనం లెక్కించలేము. పైగా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో అధ్యాపక పదవులు ఏళ్ళ తరబడి ఖాళీగా పడివుండి, ఆ లోటు భారం మన పిల్లల ఫీజుల మీదికి వస్తున్న ఈ రోజులలో ఆయన కథ తెలుసుకోదగినది.

ఆశుతోష్ గారు 1864 జూన్ 29న కలకత్తాలో జన్మించారు. తండ్రి గంగాప్రసాద్ గారు వైద్యులు. కుమారుడు గణితంలోనూ, భౌతికశాస్త్రంలోనూ ఎం.ఏ. పట్టాలు పొంది, తరువాత న్యాయవాద వృత్తిలో ప్రవేశించి, 1904లో హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. గుబురు మీసాలు, భారీ విగ్రహం, ఎవరికీ జంకని స్వభావం చూసి జనం ఆయనను వంగ శార్దూలమన్నారు.

1906లో వైస్ ఛాన్సలర్ పదవి ఆయనను వరించింది. అది జీతం లేని పదవి. పగలు కోర్టు, మిగిలిన వేళలు విశ్వవిద్యాలయం. అప్పటికి ఆ సంస్థ ముఖ్యంగా పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కార్యాలయమే. 1904 నాటి చట్టం విశ్వవిద్యాలయాలు తామే బోధన సాగించడానికి వీలు కల్పించిందిగాని, అందుకు కావలసిన డబ్బు మాత్రం చట్టంతోపాటు రాలేదు. ఆశుతోష్ గారు దాతల వైపు తిరిగారు. న్యాయవాది తారకనాథ్ పాలిత్ గారు 1912లో సుమారు 15 లక్షల విలువగల ధనమూ, భూమీ ఇచ్చారు. మరుసటి ఏడు రాస్‌బిహారీ ఘోష్ గారు 10 లక్షలిచ్చారు. ఆ పునాది మీదనే 1914లో సైన్సు కళాశాలకు శంకుస్థాపన జరిగింది. పాలిత్ ఆచార్య పదవికోసం సి.వి.రామన్ గారు 1917లో సర్కారు ఆర్థికశాఖ ఉద్యోగాన్ని వదలి, తక్కువ జీతానికి వచ్చారు.

దానాలతో ఆచార్య పీఠాలు నిలుస్తాయిగాని రోజువారీ ఖర్చు గడవదు. దానికి ముఖ్యాధారం మెట్రిక్యులేషను వంటి పరీక్షల ఫీజు. ఫీజుకోసం కుర్రవాళ్ళను ఉదారంగా గట్టెక్కిస్తున్నారని విమర్శకులు ఎత్తిపొడిచేవారు. ఆ మాటను మేము పూర్తిగా కొట్టివేయలేము. చిన్న చదువుల ఫీజుతో పెద్ద చదువులను పోషించే ఏర్పాటులో ఆ ప్రమాదం ఉండనే ఉంది. కాని ఆ ఫీజులే లేకపోతే ఆనాడు ఎం.ఏ. తరగతులకు దిక్కెవరు?

ఆ ఆధారం కూడా సన్నగిల్లింది. 1917లో పాట్నాకు, 1921లో ఢాకాకు వేరు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. సహాయనిరాకరణోద్యమంలో విద్యార్థులు తరగతులు విడిచారు. ఫీజులు పడిపోయాయి. కొత్త సంస్కరణలతో విద్యాశాఖ దేశీయ మంత్రి చేతికి వచ్చిందిగాని, వంగరాష్ట్ర ఖజానాలో డబ్బు లేదు. 1921లో ఆశుతోష్ గారు రెండవ దఫా వైస్ ఛాన్సలరై వచ్చేనాటికి పరిస్థితి ఇది. చివరకు అధ్యాపకులకు నెలల తరబడి జీతాలందలేదు.

1922లో ప్రభుత్వం రెండున్నర లక్షలిస్తానన్నది. లోటుకు అది చాలదు. దానికి తోడు షరతులు: ఖర్చుల లెక్కలు ప్రభుత్వానికి సమర్పించుకుంటూ ఉండాలి, ప్రభుత్వం ఒప్పనిదే కొత్త బాధ్యతలేవీ నెత్తికెత్తుకోరాదు. ప్రజాధనమిచ్చేవారు లెక్క అడగడంలో తప్పేమున్నదని మనమనుకోవచ్చు. లెక్కలు చూపడానికి ఆశుతోష్ గారు భయపడలేదు. ఏ శాస్త్రం బోధించాలో, ఎవరిని నియమించాలో క్రమంగా సచివాలయం నిర్ణయిస్తుందన్నదే ఆయన శంక. ఆ డిసెంబరులో సెనేటు ఆయన మాట మీద నిలిచి ఆ సొమ్ము వద్దన్నది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆయనకు న్యాయమూర్తి జీతం ప్రతినెలా అందుతూనే ఉంది. ఇంటి అద్దెకూ, బియ్యానికీ వెదుకులాడుకున్నవారు అధ్యాపకులు. పస్తు వారిది, కీర్తి ఆయనది అని ఎవరైనా అంటే మేము తగవుపడము. అయినా ఆనాడు షరతులకు తల ఒగ్గితే మరునాడు వారికే స్వాతంత్ర్యం మిగిలేది కాదని మా అభిప్రాయం.

1923లో గవర్నరు లిట్టన్ ప్రభువు, ప్రభుత్వాన్ని ఎదిరించకుండా సహకరిస్తానంటే పదవి మళ్ళీ ఇస్తానని వ్రాశారు. ఆశుతోష్ గారు తిరస్కరించారు. ఆ జాబులు పత్రికలకెక్కి దేశమంతా చదివింది. ఆ ఏడే కుమార్తె కమల చనిపోయింది. చిన్నతనంలోనే వితంతువైన ఆమెకు, సంఘం ఎంత నిందించినా, 1908లో మళ్ళీ పెండ్లి చేసిన తండ్రి ఆయన. ఆమె పేర ఉపన్యాసాలకు విశ్వవిద్యాలయానికి స్వంత ధనమిచ్చారు. కోర్టు నుండి విరమించి, న్యాయవాదిగా ఒక దావాకోసం పాట్నా వెళ్ళి 1924 మే 25న అక్కడే కన్నుమూశారు.

రాధాకృష్ణన్ గారు 1931లో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్ ఛాన్సలరుగా వచ్చారు. అక్కడా ప్రభుత్వ సొమ్ము ఒక్కటే చాలలేదు. ఏటా లక్ష రూపాయలిచ్చి ఆదుకున్నవారు మన ఒడిషాలోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ గారు.