క్రిస్టెన్ నీగార్డ్ : ఆబ్జెక్టు పద్ధతికి ఆద్యుడైన ఆచార్యుడు

మన ఇంజనీరింగు కళాశాలలలో చదివే విద్యార్థులకు సి++, జావా భాషల పేర్లు సుపరిచితములు. క్లాసు, ఆబ్జెక్టు, ఇన్‌హెరిటెన్సు అనే మాటలు పరీక్షలనాటికి అందరికీ కంఠస్థమై ఉంటాయి; పరీక్ష ముగిసిన మరునాటికి చాలామందికి మరుపున పడతాయి. క్లాసుకూ ఆబ్జెక్టుకూ గల భేదమేమని అడిగితే తడుముకోకుండా నిర్వచనము చెప్పగల విద్యార్థి, తాను రోజూ కూర్చుండే గ్రంథాలయమును ఆ పద్ధతిలో వర్ణించమంటే కలము కదపలేకపోవడము మేము పలుమార్లు చూచినదే. ఈ మాటలు ఎవరి ఆలోచనలో పుట్టినవి, ఏ అవసరము కొరకు పుట్టినవి అనే సంగతి మన పాఠ్యగ్రంథములలో ఒక వాక్యమునకు మించి కానరాదు. ఆ లోటును కొంతైనా పూరించవలెనన్న తలంపుతో నార్వే దేశీయుడైన క్రిస్టెన్ నీగార్డ్ జీవితమును ఇక్కడ చెప్పబూనుకొన్నాము.

నీగార్డ్ 1926 ఆగస్టు 27వ తేదీన ఓస్లో నగరములో జన్మించారు. గణితశాస్త్రము ఆయన అభిమాన విషయము. 1948లో నార్వే రక్షణ పరిశోధన సంస్థలో ప్రవేశించి, పన్నెండు సంవత్సరములు అక్కడనే పనిచేశారు. ఉద్యోగము చేస్తూనే 1956లో ఓస్లో విశ్వవిద్యాలయము నుండి గణితములో మాస్టర్సు పట్టము పొందారు. మోంటీ కార్లో పద్ధతి అనబడే సంభావ్యతా గణన ఆయన సిద్ధాంతవ్యాసమునకు విషయము. ఆ విషయము ఊరకే ఎన్నుకొన్నది కాదు. నార్వేలోని మొదటి అణు రియాక్టరు నిర్మాణమునకు కావలసిన లెక్కలలో ఆయనకు పని తగిలింది. సమీకరణములకు లొంగని చిక్కులను యాదృచ్ఛిక సంఖ్యల సాయముతో అనుకరించి చూడడము అక్కడనే అలవడింది.

తరువాత రక్షణ శాఖలో ఆపరేషన్సు రిసెర్చి విభాగమునకు నాయకత్వము వహించారు. ఇక్కడ ఎదురైన చిక్కు వేరు. ఒక కర్మాగారము గాని, విమానాశ్రయము గాని ఎట్లు పనిచేయుచున్నదో తెలుసుకోవలెనంటే, అందులోని మనుష్యులు, యంత్రములు, వరుసలు, నిరీక్షణలు అన్నీ ఒకేసారి మనసులో నిలువవలెను. ఆనాటి కంప్యూటరు భాషలు లెక్కలు చేయగలవే గాని, ఇట్టి సజీవమైన వ్యవస్థను వర్ణించగలవి కావు. వర్ణించుటకు ఒక భాష కావలెను. ఆ వర్ణననే యంత్రము నడిపించి చూపవలెను. ఈ రెండు కోరికలూ ఒకే భాషలో తీరవలెనన్నది ఆయన పట్టుదల. ఈ సంగతిని విద్యార్థులు గుర్తుంచుకొనవలెనని మా మనవి. ఆబ్జెక్టు పద్ధతి ప్రోగ్రాములు క్లుప్తముగా వ్రాయుటకు పుట్టిన ఉపాయము కాదు, లోకమును అర్థము చేసుకొనుటకు పుట్టిన భాష.

1960లో నీగార్డ్ నార్వే కంప్యూటింగు కేంద్రములో చేరారు. రక్షణ సంస్థలో సహచరుడైన ఓలే యోహాన్ డాల్ కూడ 1963లో అక్కడికే వచ్చారు. డాల్ మితభాషి, ప్రోగ్రామింగులో అసాధారణ ప్రజ్ఞాశాలి. నీగార్డ్ భారీ విగ్రహము, బిగ్గర కంఠము, ఎదుటివారిని ఒప్పించే నేర్పు గలవారు. ఆ నేర్పు ఎట్టిదో చెప్పుటకు ఒక ఉదాహరణము చాలును. అమెరికాలోని యూనివాక్ సంస్థ తన 1107 అనే కంప్యూటరును అమ్మదలచినప్పుడు, తాము ఇంకా పూర్తిగా రూపొందించని భాషకు కంపైలరు నిర్మించి ఇచ్చుటకు ఒప్పుకొని, ఆ యంత్రమును సగము ధరకే తమ కేంద్రమునకు సంపాదించారు. ఆ భాషయే సిమ్యులా. 1965 ప్రారంభమునాటికి దాని మొదటి రూపము వాడుకకు వచ్చింది.

ఆ రోజులను గూర్చి ఒక ముచ్చట ప్రచారములో ఉన్నది. 1967 వసంతకాలములో ఆ కేంద్రమునకు కొత్తగా వచ్చిన ఉద్యోగి ఒకరు హడలిపోయి టెలిఫోను ఆపరేటరు వద్దకు పరుగెత్తి, వసారాలో నల్లబల్ల ముందర ఇద్దరు మనుష్యులు ఘోరముగా పోట్లాడుకొనుచున్నారని, ఏమి చేయవలెనని అడిగారట. ఆపరేటరు ఒక క్షణము చెవి యొగ్గి విని, భయపడనక్కరలేదు, డాల్, నీగార్డ్ గారలు సిమ్యులాను గూర్చి చర్చించుకొనుచున్నారని నెమ్మదిగా బదులు చెప్పారట. మన తరగతి గదులలో నల్లబల్ల ముందు ఇట్టి పోట్లాటలు ఎన్నడైనా జరిగినవా అని మాకు సందేహము.

ఆ చర్చలలో తేలినదేమి? ఒక వంతెన మీద సుంకము వసూలు చేసే గది ఉన్నది. దాని ముందు లారీలు, బస్సులు వరుసగా నిలిచి ఉన్నవి. లారీ వేరు, బస్సు వేరు. లారీకి సరకు, బస్సుకు ప్రయాణీకులు. అయినను వరుసలో నిలుచుట అనే గుణము రెంటికినీ సమానము. ఆ ఉమ్మడి గుణమును రెండుసార్లు వ్రాయనేల? ఒకసారి వ్రాసి, లారీ వర్ణనకు ముందొకసారి, బస్సు వర్ణనకు ముందొకసారి పూర్వపదముగా చేర్చిన చాలును గదా! అంతకుముందు 1966లో ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు టోనీ హోర్ ప్రతిపాదించిన రికార్డు క్లాసుల ఆలోచన వీరికి దారి చూపింది. పేర్లు మారినవి గాని, ఇన్‌హెరిటెన్సు అని నేడు మనము వల్లెవేసేది ఆ వంతెన మీద నిలిచిన బండ్ల వరుస నుండి వచ్చినదే. దీనిని ఇమిడ్చిన సిమ్యులా 67 భాషను 1967 మే నెలలో ఓస్లో సమీపమున జరిగిన సమావేశములో ప్రకటించారు. అమెరికాలో ఆలన్ కే సిమ్యులాను చూచి స్మాల్‌టాక్ వైపు నడిచారు. డెన్మార్కు దేశీయుడు బ్యార్నే స్ట్రౌస్ట్రుప్ సిమ్యులా రుచి మరువలేక 1979లో సి భాషకు క్లాసులు జోడించుట ప్రారంభించారు. అదియే సి++ అయినది.

ఇంతవరకు చెప్పినది అందరికీ కొద్దో గొప్పో తెలిసిన కథ. నీగార్డ్ మాకు ఎక్కువ ప్రీతిపాత్రుడగుటకు తరువాతి ఘట్టము కారణము. కర్మాగారమును వర్ణించే భాష చేతికి వచ్చినది. దానిని ఎవరు వాడుకొందురు? యాజమాన్యములు. ఆ వర్ణనలో కార్మికుడు కూడ ఒక ఆబ్జెక్టే. తాను సృష్టించిన సాధనము పనివారి మీద అదుపు బిగించుటకు ఉపకరించునేమో అన్న ఆలోచన ఆయనను కలవరపెట్టింది. 1970 మొదలు 1973 వరకు నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘముతో కలసి పనిచేశారు. సంఘ సభ్యులు తమ కర్మాగారములలోనికి వచ్చే కంప్యూటరు వ్యవస్థలను తామే చదివి, ప్రశ్నించి, కోరికలు తెలుపుటకు తగిన పాఠములను వారితోనే కూర్చుండి తయారుచేశారు. దాని ఫలితముగా అక్కడి కార్మిక ప్రతినిధులకు కొత్త కంప్యూటరు వ్యవస్థలను గూర్చి ముందుగా తెలుసుకొనే హక్కు ఒప్పందముల రూపములో లభించింది. 1975లో దేశవ్యాప్త ఒప్పందము కుదిరింది. లేతు మెషీను ముందు నిలిచే మనిషికి వ్యవస్థ అర్థమగునట్లు చెప్పగలవాడే నిజమైన ఉపాధ్యాయుడని మేము భావిస్తాము. విశ్వవిద్యాలయములో పాఠము చెప్పక పూర్వమే ఆయన ఆ పరీక్షలో నెగ్గారు.

1975లో డెన్మార్కులోని ఆర్హుస్ విశ్వవిద్యాలయములోను, 1977 నుండి ఓస్లోలోను ఆచార్యులుగా ఉండి 1996 వరకు బోధించారు. సహచరులతో కలసి బీటా అనే భాషను రూపొందించారు. రాజకీయములలోను తీరిక లేని మనిషియే. 1994 నవంబరులో నార్వే ప్రజలు ఐరోపా సమాఖ్యలో చేరరాదని ఓటు వేసినప్పుడు ఆ వ్యతిరేక ఉద్యమమునకు నాయకుడు ఈయనే. ఆ వివాదము మన విషయము కాదు.

విశ్రాంతి తీసుకొనవలసిన వయసులో ఆయన మనసు మొదటి సంవత్సరపు విద్యార్థి మీదకు మళ్ళింది. తాను ఆద్యుడైన పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించినది గాని, దానిని బోధించే తీరు ఆయనకు తృప్తి కలిగించలేదు. ముందు సంకలనము, తరువాత లూపు, ఆపై శ్రేణులు, చిట్టచివర సమయము మిగిలితే ఆబ్జెక్టులు అనే వరుస సర్వత్రా సాగుచున్నది. చిన్న ఉదాహరణలతో మొదలుపెడితే సులభమని మనమందరము అనుకొంటాము. నీగార్డ్ వాదము దీనికి విరుద్ధము. రెండు సంఖ్యలను కూడే ప్రోగ్రాములో ఆబ్జెక్టుకు పనే లేదు. పని లేని చోట దానిని చూపితే విద్యార్థికి అది అలంకారముగానే తోచును. కనుక మొదటి దినముననే తగినంత చిక్కుగల వ్యవస్థను ముందు పెట్టవలెను. ఆయన ఎన్నుకొన్న ఉదాహరణము ఒక భోజనశాల. అతిథులు వస్తారు, బల్లలు వెదకుకొంటారు, వడ్డించేవారు ఆర్డరు వ్రాసుకొంటారు, వంటవారు వండుతారు, బిల్లు వస్తుంది. ఎవరి పని వారిది, ఎవరి సమాచారము వారిది. ఒకరినొకరు అడుగుకొనుటయే వ్యవహారము. అతిథి తిన్నగా వంటగదిలోనికి చొరబడడు, వడ్డించేవానికే చెప్పుకొంటాడు. ఎన్‌క్యాప్సులేషన్ అనే పెద్ద పేరు వినకముందే విద్యార్థికి దాని అర్థము బోధపడును.

ఈ బోధనా పరిశోధనకు కూల్ అని పేరు పెట్టి, సహచరులను కూడగట్టారు. 2001 సంవత్సరపు ట్యూరింగు పురస్కారము ఆయనకు, డాల్‌కు కలిపి లభించింది. ఆ వార్త వెలువడిన 2002వ సంవత్సరమే ఇద్దరికీ కడపటి సంవత్సరమగుట విధి విలాసము. జూను నెలలో ఆర్హుస్‌లో కంప్యూటరు ఉపాధ్యాయుల అంతర్జాతీయ సమావేశమున నీగార్డ్ తన బోధనా ప్రణాళికను వివరించారు. ఆ నెల 29వ తేదీన డాల్ కన్నుమూశారు. ఆగస్టు 10వ తేదీన గుండెపోటుతో నీగార్డ్ మరణించారు. డెబ్బదియారవ జన్మదినమునకు ఇంకను పదునేడు దినములు ఉన్నవి. ఆయన మొదలుపెట్టిన పనిని సహచరులు విడువలేదు. భోజనశాల పాఠమును విద్యార్థులచేతనే నాటకముగా ఆడించారు. ఒకరు అతిథి, ఒకరు వంటవాడు, ఒకరు బిల్లు వ్రాసేవాడు.