ఆయిలరు మహాశయుడు – ఒక మహాసంఖ్య

గణితశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడగు లియొనార్డు ఆయిలరు 1707వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి బాజెలు పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతగురువు. కుమారుడును ఆ వృత్తినే చేపట్టవలెనని ఆయన కోరిక. బాలునకు మాత్రము గణితమునందే మక్కువ మెండు. యోహాన్ బెర్నూలీ యను ఆచార్యుడు, పాఠము చెప్పుటకు తీరిక లేక, కఠినగ్రంథములను స్వయముగా చదువుకొని, బోధపడని తావులను శనివారము మధ్యాహ్నము వచ్చి అడుగుమనెను. శనివారమున అడుగవలసినవి వీలయినంత తగ్గునట్లు ఆయిలరు వారమంతయు శ్రమించెడివాడు.

1727లో రష్యాదేశపు సెంటుపీటర్సుబర్గు విద్యాపరిషత్తున చేరెను. తనచేతను, ఒకటిచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని 7, 13 వంటి అంకెలను ప్రధానసంఖ్యలందురు. 429 కోట్ల 49 లక్షల 67 వేల 297 అట్టిదేయని పూర్వుడగు ఫెర్మా తలచెను. దానిని 641 భాగించునని 1732లో ఆయిలరు చూపెను.

1741లో బెర్లిను నగరమునకు పోయి, 1766లో మరల పీటర్సుబర్గు చేరెను. కుడికంటి చూపు యౌవనముననే పోయినది. ఎడమకంట శుక్లము క్రమ్మెను. 1771లో చేసిన శస్త్రచికిత్సవలన కొలదికాలము చూపు వచ్చి, మరల పోయెను. ఆ యేటనే గృహము అగ్నికి ఆహుతి కాగా, గ్రిమ్ అను స్వదేశీయుడు ఆ వృద్ధుని మోసికొని వెలుపలికి తెచ్చెను. అయినను ధారణాశక్తి చెడలేదు. వర్జిలు మహాకవి కావ్యమగు ఈనియడు ఆయనకు కంఠస్థము. మన అవధానులను చూచినవారికి ఇది వింతగా తోపదు.

అట్టి స్థితిలో, 1772లో, ఆయన తేల్చిన సంఖ్య 2,14,74,83,647. చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు ద్విగుణముగా 31 గడులు నింపిన, గింజల మొత్తము సరిగా ఇంతయే. ఇది ప్రధానసంఖ్య యని 1644లోనే మెర్సెన్ అను సన్యాసి నిరూపణము లేకయే ప్రకటించెను. ఆయన పట్టికలో తప్పులును గలవు గనుక ఆ మాట ప్రమాణము కాజాలదు. పరీక్షింపవలెనన్నచో 46,340 లోపలి ప్రధానసంఖ్య లన్నిటిచేతను భాగించి చూడవలెను. అవి నాలుగువేలకు పైబడును. ఈ సంఖ్యను భాగింపగల ప్రధానసంఖ్య ఏదైన నున్నచో, దానిని 248 చేత భాగింపగా 1గాని 63గాని శేషించితీరవలెనని ఆయిలరు కనుగొనెను. అంతట శోధింపవలసినవి 372కు మించలేదు. వానిలో నొక్కటియు భాగింపలేదు.

దీనినుండి మరియొక ఫలము కలిగెను. 6ను భాగించు 1, 2, 3 లను కూడిన 6 వచ్చును. ఇట్టివానిని పరిపూర్ణసంఖ్య లందురు. యూక్లిడు సూత్రము ననుసరించి పై సంఖ్యను 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 చేత గుణించిన, 19 అంకెల పరిపూర్ణసంఖ్య సిద్ధించును.

ఆయిలరు 1783 సెప్టెంబరు 18న దివంగతుడయ్యెను. ఇంతకన్న పెద్ద పరిపూర్ణసంఖ్య ఎన్నటికిని దొరకబోదని 1811లో ఆంగ్లేయుడగు బార్లో వ్రాసెను. 1876లో ఫ్రాన్సుదేశీయుడగు లూకా, చేతిలెక్కతోనే, 39 అంకెల ప్రధానసంఖ్యను సాధించెను. అదియును రెంటిని తమలో తాము హెచ్చించి ఒకటి తీసివేయగా వచ్చినదే, కాని ఈమారు రెండ్లు 127.