మేడమ్ క్యూరీ: కిరణప్రయోగమునకు చెల్లిన మూల్యము

రాచపుండుపై కిరణములను ప్రసరింపజేయు వైద్యుడును, ఉల్లిగడ్డలు మొలకెత్తకుండ వానిని కిరణముల నడుమ నడిపించు కర్మాగారమువాడును, క్రొత్త వంగడములకై విత్తనములపై కిరణములను ప్రయోగించు వ్యవసాయశాస్త్రజ్ఞుడును ఒక్క పదమునే వాడుచున్నారు. ఆంగ్లమున ఇర్రేడియేషన్ అనబడు ఆ పదమును మనము కిరణప్రయోగ మనవచ్చును. దృష్టిశాస్త్రమున దీనికి వేరొక యర్థము గలదు. నల్లని నేపథ్యమున నున్న తెల్లని వస్తువు నిజప్రమాణముకంటె పెద్దదిగా దోచు భ్రమకును ఇదియే పేరు. మొదటి యర్థము లోకవ్యవహారమునకు వచ్చుటకు పెక్కుమంది కారకులు. వారిలో మేరీ క్యూరీ యగ్రగణ్య. ఆమె కీర్తి మాత్రము దృష్టిభ్రమ గాదని యామె జీవితమే చాటుచున్నది.

1867 నవంబరు 7వ తేదీన వార్సా నగరమున మరియా స్క్లొడోవ్‌స్కా జన్మించెను. నాడు పోలండు దేశమును మూడు సామ్రాజ్యములు పంచుకొనియుండగా, వార్సా రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. బడులలో మాతృభాషకు చోటు లేదు. స్వదేశచరిత్రమును రహస్యముగా నేర్వవలసియుండెను. తండ్రి భౌతికశాస్త్రోపాధ్యాయుడు. తల్లి క్షయరోగముచే మరణించునప్పటికి మరియాకు పదియేండ్లు. వార్సా విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేనందున ఆమె దేశభక్తులు గుప్తముగా నడుపుచుండిన విద్యాలయమున చదివెను. పారిసులో వైద్యవిద్య నభ్యసించుచున్న అక్కకు ధనసహాయము చేయుటకై పరుల యిండ్లలో పిల్లలకు చదువు చెప్పెను. పిమ్మట 1891లో తానును పారిసు చేరి, 1893లో భౌతికశాస్త్రపరీక్షలో ప్రథమస్థానమును, 1894లో గణితశాస్త్రపరీక్షలో ద్వితీయస్థానమును పొందెను.

1895లో ఆమె పియేర్ క్యూరీ యను శాస్త్రజ్ఞుని వివాహమాడెను. ఆ సంవత్సరమే జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణములను కనుగొనెను. 1896లో బెకెరెల్ యురేనియము తనంతట తానే కిరణములు వెలువరించుచున్నదని గ్రహించెను. పియేరును ఆయన సోదరుడును నిర్మించిన సున్నితమైన విద్యున్మాపకముతో మేరీ యా కిరణముల బలమును కొలిచెను. యురేనియము ఏ సమ్మేళనమందున్నను, కిరణబలము దాని పరిమాణము ననుసరించియే యుండెను. కావున ఇది రసాయనసంయోగమువలన గలిగినది గాదు, పరమాణువు ధర్మమే యని ఆమె యూహించెను. పిచ్‌బ్లెండ్ అను ఖనిజము యురేనియముకంటెను బలముగా కిరణములు వెదజల్లుచుండుటచే, అందు తెలియని మూలపదార్థ మేదో యుండవలెనని దంపతులు నిశ్చయించిరి. 1898 జూలైలో నొకటి దొరకెను. ప్రపంచపటమున స్థానము కోల్పోయిన స్వదేశమును స్మరించి మేరీ దానికి పొలోనియ మని నామకరణము చేసెను. డిసెంబరులో రేడియము ప్రకటింపబడెను.

పేరు పెట్టుట వేరు, పదార్థమును చేతబట్టి చూపుట వేరు. బొహీమియా గనులనుండి తెచ్చిన టన్నులకొలది ఖనిజశేషమును, వర్షమునకు కారు కొట్టములో, కాగులలో మరగించి ఇనుపకడ్డీతో కలుపుచు ఆమె యేండ్ల తరబడి శ్రమించెను. 1902 నాటికి లభించినది గ్రాములో పదవవంతు రేడియము లవణము. ఆ విధానముపై పేటెంటు హక్కు పొందియున్నచో అపారధనము చేకూరెడిది. విద్య లోకమునకు చెందునదని తలంచి దంపతులు దానిని త్యజించిరి.

పియేరు తన బాహువుపై రేడియము నుంచుకొని, కలిగిన వ్రణమును 1901లో బెకెరెల్‌తో గూడి ప్రకటించెను. ఆరోగ్యమైన చర్మమును దహించునది రోగగ్రస్తమైన కణజాలమును ఏల దహింపరాదను ఆలోచననుండి రేడియము చికిత్స యావిర్భవించెను. వేగముగా విభజన చెందు కణములు కిరణములకు త్వరగా లొంగుటయే దీని రహస్యము. 1903లో దంపతులకును బెకెరెల్‌కును నోబెల్ బహుమాన మీయబడెను. 1906 ఏప్రిలు 19న గుఱ్ఱపుబండి క్రిందపడి పియేరు మరణించెను. ఆయన యాచార్యస్థానమును స్వీకరించి మేరీ సొర్బాన్‌లో బోధించిన ప్రథమ మహిళయయ్యెను. 1911 జనవరిలో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఆమెకు సభ్యత్వమును నిరాకరించెను. ఆ యేడే ఆమెకు రెండవ నోబెల్ బహుమానము లభించెను.

1914లో యుద్ధము రాగా ఆమె మోటారుబండ్లలో ఎక్స్‌కిరణయంత్రముల నమర్చి, పదునేడేండ్ల కుమార్తె ఐరీన్‌ను తోడ్కొని రణరంగమునకు పోయెను. సుమారు ఇరువది బండ్లును రెండువందల స్థిరకేంద్రములును ఆమె యాధ్వర్యమున నేర్పడి, పదిలక్షలకు పైబడిన క్షతగాత్రుల దేహములలోని గుండ్లజాడ దెలుపుటకు తోడ్పడెను. 1921లో, హక్కును విడనాడిన యామెకే రేడియము కొన శక్తి లేక, అమెరికా మహిళలు విరాళము లెత్తి నొక్క గ్రాము బహూకరించిరి. 1929లో లభించిన రెండవ గ్రామును స్వతంత్రమైన పోలండుకు పంపెను. దానితో 1932లో వార్సాలో రేడియము సంస్థ వెలసెను.

ఈ వెలుగునకు చీకటి ప్రక్కయు గలదు. ఆనాడు వర్తకులు రేడియము నీటిని ఆరోగ్యప్రదమని విక్రయించిరి. అమెరికాలో గడియారపు ముఖములకు రేడియము రంగు వేయు యువతులు కుంచెను పెదవులతో మొన చేయుచు, దవడలు కుళ్లి మరణించిరి. మేరీయు రేడియము గొట్టములను జేబులలో నుంచుకొని తిరిగెను. ఆపద పూర్ణస్వరూపమును చాలకాలము అంగీకరింపదయ్యెను. రక్తమును పుట్టించు మజ్జ క్షీణించి, 1934 జూలై 4న దేహము చాలించెను. 1956లో ఐరీన్ రక్తపు రాచపుండుకు బలియయ్యెను. మేరీ వ్రాసిన పుస్తకములు నేటికిని కిరణములను వెలువరించుచున్నవి. రేడియము సగమగుటకు 1600 ఏండ్లు పట్టును.

నేడు రేడియము స్థానమును కోబాల్టును విద్యుద్యంత్రములును ఆక్రమించినవి. ఉల్లి మొలకెత్తకుండుటకు 60 మొదలు 90 గ్రేల మోతాదు చాలును. శస్త్రపరికరములలోని సూక్ష్మజీవులను నశింపజేయుటకు 25,000 గ్రేలు వాడుదురు. 2007లో మన మామిడిపండ్లు కిరణస్పర్శ పొందియే అమెరికాలో ప్రవేశించినవి. ట్రాంబే శాస్త్రజ్ఞులు ఇట్లే వేరుసెనగలో క్రొత్త వంగడములను సృష్టించిరి. గామాకిరణములు సోకిన పండు తాను కిరణములను వెలువరింపదు. కిరణము సోకుట వేరు, కిరణపదార్థము అంటుకొనుట వేరు. ఈ భేదము నెఱుగక భయపడుట తగదు. అట్లని నిర్లక్ష్యమును తగదు. రాచపుండుకు దినమునకు రెండు గ్రేల చొప్పున అరువది గ్రేల వరకు ఒక్కచోట నిచ్చుట ప్రాణదాయకము. ఐదు గ్రేలు దేహమంతటికి నొక్కమారు సోకినచో, చికిత్స లేనియెడల, పలువురకు మరణకారణము. కొలతయు రక్షణకవచమును ఉన్నచోటనే యీ విద్య మేలు చేయును. యంత్రము కడ నిలుచు కార్మికునకు ఆ రక్షణ కల్పించుట ప్రభుత్వముల విధి.

1995లో ఫ్రాన్సు ఆమె యస్థికలను పాంథియాన్‌కు చేర్చెను. స్వీయప్రతిభచే నా గౌరవము నొందిన ప్రథమ మహిళ యామెయే. ఆమె శవపేటికకు లోపల సీసపు తొడుగు వేయవలసివచ్చెను.