క్రీడాధీరుడు జాకీ రాబిన్‌సన్

అమెరికా దక్షిణ ప్రాంతమైన జార్జియా రాష్ట్రంలో, కైరో పట్టణం వద్ద 1919 జనవరి 31న జాకీ రాబిన్‌సన్ జన్మించాడు. తల్లిదండ్రులు పరుల భూమిని పాలికి సేద్యం చేసుకొనే నల్లజాతి రైతులు. తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్ళిపోగా, తల్లి మాలీ 1920లో ఐదుగురు బిడ్డలతో కాలిఫోర్నియాలోని పాసడీనా చేరి, పరుల ఇళ్ళలో పనిచేసి వారిని పెంచింది. విశ్వవిద్యాలయంలో జాకీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, అథ్లెటిక్స్, బేస్‌బాల్ అనే నాలుగు క్రీడలలోనూ జట్టులో స్థానం సంపాదించాడు. వింతేమిటంటే, వీటిలో అతడు అంతగా రాణించనిది బేస్‌బాలే!

1942లో సైన్యంలో చేరాడు. 1944లో టెక్సస్ శిబిరంలో, బస్సు వెనుక భాగానికి పొమ్మన్న మాటను ధిక్కరించినందుకు సైనిక న్యాయస్థానం ఎదుట నిలువవలసి వచ్చింది. నిర్దోషిగా బయటపడ్డాడు.

బేస్‌బాల్ మైదానంలో వజ్రాకృతిలో నాలుగు బేస్‌లుంటాయి. బంతిని కొట్టిన ఆటగాడు వాటిని వరుసగా తాకి, బయలుదేరిన చోటికి చేరితే ఒక పరుగు. మొదటి బేస్‌ను కాచేవాడు, పరుగెత్తి వచ్చేవానికంటె ముందుగా సహచరులు విసిరిన బంతిని అందుకోవాలి. రెండవ బేస్ వాడు బంతిని అందుకొని రెప్పపాటులో మెలిదిరిగి విసరాలి. మూడవ బేస్ వాడు బాణంలా దూసుకువచ్చే బంతిని ఆపాలి. రెండు, మూడు బేస్‌ల నడుమ నిలిచేవాడు షార్ట్‌స్టాప్. ఒక్క స్థానంలో ఆరితేరడానికే ఏళ్ళు పడుతుంది.

1880ల తరువాత ప్రధాన లీగులలో నల్లవారికి ప్రవేశం లేకపోయింది. లిఖిత నిబంధన ఏదీ లేదు, ఆచారమే శాసనం. 1945లో నల్లవారి లీగులో కాన్సాస్ సిటీ మోనార్క్స్ జట్టుకు షార్ట్‌స్టాప్‌గా ఆడుతున్న రాబిన్‌సన్‌ను బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ పిలిపించాడు. ఎవరెంత దూషించినా ఎదురు తిరగరాదన్నది అతని షరతు. బస్సులో తల వంచనివానికి ఇంతకంటె కఠిన పరీక్ష లేదు. రాబిన్‌సన్ అంగీకరించాడు.

1946లో కెనడాలోని మాంట్రియల్ జట్టులో రెండవ బేస్‌ను కాచాడు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లో ప్రధాన లీగు ఆటగాడిగా అడుగుపెట్టినప్పుడు అతనికి లభించింది మొదటి బేస్. తక్కినవి అప్పటికే నిండి ఉన్నాయి. అలవాటు లేని ఆ పనిని కొద్ది వారాలలో నేర్చుకోవలసి వచ్చింది. పైగా ప్రతి ప్రత్యర్థీ ముళ్ళ బూట్లతో పరుగెత్తి వచ్చేది అక్కడికే. ఆ ఆగస్టులో సెయింట్ లూయిస్ ఆటగాడొకడు అతని కాలును తొక్కాడు. అది ఉద్దేశపూర్వకమా, కాదా అన్న వివాదం నేటికీ తెగలేదు. ప్రేక్షకుల తిట్లకూ, ప్రత్యర్థుల ఎగతాళికీ రాబిన్‌సన్ ఆటతోనే బదులిచ్చాడు. బంతి విసిరే అదను చూసి తదుపరి బేస్‌కు దూకడాన్ని ఆ ఆటలో దొంగతనమంటారు. ఆ ఏడు 29 సార్లు అలా దూకి లీగులో అగ్రస్థానంలో నిలిచాడు. ఉత్తమ నూతన క్రీడాకారుడనే పురస్కారం పొందాడు.

1948లో రెండవ బేస్ అతనిదయింది. 1949లో నూరు అవకాశాలకు 34కు పైగా విజయవంతంగా కొట్టి, నేషనల్ లీగు అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అప్పటికి మౌనవ్రతమూ ముగిసింది. అన్యాయమనిపిస్తే అంపైర్లతోనూ వాదించేవాడు. దానిని సహించలేనివారు అతని ఓర్పునే పొగడటం గమనించదగినది. 1953లో జిమ్ గిలియమ్ అనే నల్లజాతి యువకుడు రెండవ బేస్‌కు రాగా, రాబిన్‌సన్ మూడవ బేస్‌కూ, ఎడమవైపు బయటి మైదానానికీ మారాడు. 1955లో, 36 ఏళ్ళ వయసులో, ప్రపంచ సిరీస్ మొదటి ఆటలో చివరి బేస్‌ను దొంగిలించాడు. బ్రూక్లిన్ తొలిసారి విజేత అయినది ఆ సిరీస్‌లోనే.

1956 చివర జట్టు అతనిని న్యూయార్క్ జెయింట్స్‌కు మార్చగా, అక్కడ చేరక ఆట నుండి విరమించాడు. తరువాత వ్యాపారరంగంలోనూ, పౌరహక్కుల ఉద్యమంలోనూ పనిచేశాడు. 1962లో బేస్‌బాల్ కీర్తిమందిరంలో చోటు లభించింది. మధుమేహం చూపును హరిస్తున్నా, 1972 అక్టోబర్ 15న సిన్సినాటి మైదానంలో నిలిచి, ఒక జట్టుకు నల్లజాతి మేనేజర్‌ను చూడాలన్న కోరికను బహిరంగంగా వెల్లడించాడు. తొమ్మిది రోజులకే, 53వ ఏట మరణించాడు. ఆ పదవిని 1975లో క్లీవ్‌లాండ్ జట్టులో ఫ్రాంక్ రాబిన్‌సన్ చేపట్టాడు. ఇద్దరికీ ఇంటిపేరు ఒకటేగాని బంధుత్వం లేదు.