డాక్టర్ ప్రాక్టీస్ వదిలేసి బ్యాంకు పెట్టారు.. లక్ష రూపాయలతో మొదలైన ఆంధ్రా బ్యాంకు వెనుక కథ ఇదీ!

నెల్లూరు జిల్లా మనుబోలు నుంచి మచిలీపట్నం దాకా కోస్తాలో ఏ ఊరికి వెళ్లినా ఆంధ్రా బ్యాంకు పేరు తెలియని పెద్దవాళ్లు ఉండరు. పంట డబ్బులు వేసుకోవాలన్నా, బంగారం పెట్టి అప్పు తెచ్చుకోవాలన్నా ముందు గుర్తొచ్చింది ఆ పేరే. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆ బోర్డు లేదు. యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మరి ఆ బ్యాంకు పెట్టింది ఎవరో ఇప్పటి కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసు? ఆయన వ్యాపారి కాదు, జమీందారూ కాదు. నాడి పట్టి మందిచ్చే డాక్టర్. ఆయనే భోగరాజు పట్టాభి సీతారామయ్య.

పేదింట్లో పుట్టి.. డాక్టర్ అయ్యి

1880 నవంబర్ 24న గుండుగొలనులో పుట్టారు పట్టాభి. ఇప్పుడా ఊరు ఏలూరు జిల్లాలో ఉంది. చిన్నప్పుడే తండ్రి పోయారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బందే. అయినా తల్లి గంగమ్మ పిల్లల చదువు ఆపలేదు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో బీఏ చేసి, తర్వాత వైద్యం చదివి, మచిలీపట్నంలో ప్రాక్టీస్ పెట్టారు పట్టాభి. ఆ రోజుల్లో డాక్టర్ అంటే మాటలా? పేరుకు పేరు, డబ్బుకు డబ్బు. కష్టాల్లో పెరిగినవాళ్లు ఎవరైనా అక్కడితో ఆగిపోయేవారే. ఆయన మాత్రం దాదాపు పదేళ్లకే ప్రాక్టీస్ పక్కన పెట్టేసి ప్రజా జీవితంలోకి దిగారు.

బందరులో ముగ్గురు మిత్రులు

వందేమాతరం ఉద్యమం రోజులవి. ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, పట్టాభి.. ఈ ముగ్గురూ కలిస్తే బందరులో ఏదో ఒక పని మొదలయ్యేది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల అలా వచ్చిందే. చదువుతో పాటు చేతి పనులు కూడా నేర్పాలన్నది వాళ్ల ఆలోచన. తర్వాత 1919లో జన్మభూమి అనే ఇంగ్లిష్ వారపత్రికను పట్టాభి మొదలుపెట్టారు.

బ్యాంకు ఎందుకు పెట్టారంటే..

అప్పట్లో రైతుకు అప్పు కావాలంటే వడ్డీ వ్యాపారే దిక్కు. పంట చేతికి రాకముందే వడ్డీ పెరిగిపోయేది. పోనీ దాచుకుందామంటే ఎక్కడ దాచాలి? 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ అనే పెద్ద ఇంగ్లిష్ కంపెనీ దివాలా తీసింది. దాన్ని నమ్మి డబ్బు వేసిన ఎంతోమంది రోడ్డున పడ్డారు. మన డబ్బు మన చేతిలోనే ఉండాలన్న ఆలోచన దక్షిణాదిలో గట్టిపడింది అప్పుడే. మరుసటి ఏడాదే మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టింది.

తెలుగు జిల్లాల్లో ఆ పనిని నెత్తిన వేసుకున్నది పట్టాభి. 1915లో కృష్ణా జిల్లా సహకార బ్యాంకు ఏర్పాటులో ముందు నిలిచారు. 1923 నవంబర్ 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టర్ అయింది. అదే నెల 28న మచిలీపట్నంలో తలుపులు తెరిచింది. కాగితం మీద అనుమతించిన మూలధనం 10 లక్షలు. నిజంగా చేతికొచ్చిన పెట్టుబడి లక్ష రూపాయలు మాత్రమే. ఆ లక్షతోనే మొదలుపెట్టేశారు.

అక్కడితో ఆగలేదు. ఇంటి పెద్ద పోతే ఆ కుటుంబం గతేంటి? 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చింది. 1929లో భారత లక్ష్మీ బ్యాంకు పెట్టారు. ఇది 1964లో ఆంధ్రా బ్యాంకులోనే కలిసింది.

జైలు.. పుస్తకాలు.. ఓటమి

ఇన్ని సంస్థలు పెట్టిన మనిషి హాయిగా సీట్లో కూర్చున్నారా అంటే అదీ లేదు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయ్యారు. 1942లో క్విట్ ఇండియా అనగానే నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు ఆయన్నీ అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. దాదాపు మూడేళ్లు అక్కడే. అంతకుముందు 1935లో కాంగ్రెస్ యాభై ఏళ్ల చరిత్రను పుస్తకంగా రాసింది కూడా ఈయనే.

1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికల్లో గాంధీ మద్దతుతో నిలబడి సుభాష్ చంద్రబోస్ చేతిలో 200కు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ ఓటమిని గాంధీ తన ఓటమిగానే తీసుకున్నారు. తొమ్మిదేళ్ల తర్వాత 1948లో పురుషోత్తమ్ దాస్ టాండన్‌పై గెలిచి పట్టాభి అదే కుర్చీ ఎక్కారు.

సొంతవాళ్లకే కోపం తెప్పించిన నివేదిక

ఆంధ్ర రాష్ట్రం కావాలని మొదటి నుంచీ కొట్లాడినవాళ్లలో పట్టాభి ఒకరు. కాంగ్రెస్‌లో ఆంధ్రకు వేరే విభాగం కావాలని గట్టిగా వాదించిందీ ఆయనే. కానీ భాషా రాష్ట్రాలపై 1948 చివర్లో వేసిన కమిటీలో నెహ్రూ, పటేల్‌తో పాటు ఆయన కూడా ఉన్నారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని జేవీపీ కమిటీ అన్నారు. భాషా రాష్ట్రాలకు ఇది సమయం కాదని, ఆంధ్రకు కావాలంటే మద్రాసు నగరంపై ఆశ వదులుకోవాలని 1949లో ఆ కమిటీ తేల్చింది. చాలామంది తెలుగువాళ్లకు ఇది మింగుడు పడలేదు. చివరికి నెల్లూరు ప్రాంత మూలాలున్న పొట్టి శ్రీరాములు 1952 డిసెంబర్‌లో ప్రాణాలిస్తే గానీ రాష్ట్రం రాలేదు. 1953 అక్టోబర్ 1న మద్రాసు లేకుండానే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అప్పటికి పట్టాభి మధ్యప్రదేశ్ గవర్నర్‌గా ఉన్నారు.

పేరు పోయింది.. పని మిగిలింది

1959 డిసెంబర్ 17న పట్టాభి కన్నుమూశారు. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. 2020లో విలీనం అంటే, పేరైనా ఉంచండి అని తెలుగు రాష్ట్రాల్లో చాలామంది అడిగారు. ఉంచలేదు.

కమిటీ నివేదికపై ఆయన్ను తప్పుపట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది వేరే లెక్క. కానీ వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా, భయం లేకుండా నాలుగు రూపాయలు దాచుకునే చోటు మన ఊళ్లకు వచ్చిందంటే అందులో ఈ డాక్టర్ చలవ ఉంది. ఇంట్లో బీరువాలో పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ ఉంటే ఒకసారి తీసి చూడండి. దాని వెనుక ఉన్నది బందరులో పోగేసిన ఆ లక్ష రూపాయలే.